ఐదో గుర్తు

పది యాభైకల్లా ఐదు గుర్తులు పెట్టాలి. ఇప్పుడు తొమ్మిదీ నలభై. కాలేజీ వ్యాను పలమనేరు దాటింది. కుప్పం ఇంకా గంటా పది నిమిషాల దూరం, డ్రైవరు నరేష్ మాట నమ్మితే గంట. నాలుగు గుర్తులు ఎక్కడ పెట్టాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఐదోదే తేలడం లేదు. స్కోరు షీటులో పన్నెండు మంది ఆడపిల్లల పేర్లుంటాయి. పేరు పక్కన జెర్సీ నంబరు, నంబరు పక్కన ఒక గడి. ఆట మొదలవడానికి పది నిమిషాల ముందు కోచ్ బల్ల దగ్గరికి వెళ్ళి, మొదట దిగే ఐదుగురి గడుల్లో ఇంటూ గుర్తు పెట్టి కింద సంతకం చెయ్యాలి. చేశాక మార్చడానికి లేదు. ఆ గడి ఎంతుంటుంది? ఒక చెనిక్కాయ గింజ పడితే నిండిపోతుంది. అందులో ఇవాళ గంగులమ్మ పట్టాలి, లేకపోతే రమ్యశ్రీ పట్టాలి, వాళ్ళతో పాటు నా ఉద్యోగం కూడా పట్టాలి. నా మోకాళ్ళు ముందు సీటుకి కొట్టుకుంటున్నాయి. ఐదడుగుల పదంగుళాల ఆడమనిషి ఒకతె పుడుతుందని ఈ వ్యాను చేసినవాడు అనుకోలేదు. ఒళ్ళో బంతుల సంచి, సంచి పైజేబులో ఫోను. ఫోను బోర్లా పెట్టాను. అయినా అందులో ఉన్న ఫోటో నాకు కనబడుతూనే ఉంది.

పుంగనూరు బస్టాండు ఎదురుగా టిఫిన్‌కి ఆపినప్పుడు వచ్చింది ఆ ఫోను. సుబ్రహ్మణ్యం సార్. మదనపల్లెలో మా కాలేజీ హెడ్ కోచ్, నాకు ఆట నేర్పిన మనిషి, వచ్చే నెలాఖరుకి రిటైరయ్యే మనిషి. నిన్న కంటి ఆపరేషన్ అయింది. "ఆదెమ్మా, యాడ ఉండారు?" "పుంగనూరులో సార్, పిల్లోళ్ళు దోసెలు తింటాండారు." "తిననీ తిననీ. నేను రాలేనమ్మా, కంటికి కట్టు కట్టినారు. నువ్వే సూసుకో. ఇంగోటి... ఫస్ట్ ఫైవ్‌లో రమ్యను ఎయ్యి. గంగులమ్మ బెంచీలో ఉండనీ. యూనివర్సిటీ టీముకు సెలెక్టర్లు వస్తాండారు గదా, రెండు క్వార్టర్లన్నా రమ్య లోపలుండల్ల. కరస్పాండెంట్ గారి మాట." రమ్యశ్రీ కరస్పాండెంట్ గారి తమ్ముడి కూతురు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. "గంగులమ్మ లేకుంటే కుప్పం వాళ్ళు ఇద్దరిద్దరు మీదపడి ఏసే ప్రెస్ దాటలేం సార్, మన బంతి సగం కోర్టు కూడా పోదు." "పోకుంటే పోదు. ఫైనల్ దాకా వచ్చినాం, రన్నరప్ కప్పు కూడా కప్పే గదమ్మా." గొంతు తగ్గింది. నాకు ఏదైనా ఇవ్వబోయే ముందు ఆయన గొంతు అలాగే తగ్గుతుంది, పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను. "నీ ఆర్డరు టైపయిపోయిండాది. నా సీటు నీదే. ఒక్క సంతకం బాకీ, రేపు పెడ్తారు. ఫోటో పంపినా సూడు. మొండితనం సెయ్యొద్దు తల్లీ. షీటులో కోచ్ అన్న సోట నా పేరే రాయి, ఎప్పుడూ మాదిరి."

ఎప్పుడూ మాదిరి. ఫోటో చూశాను. పలమనేరు వచ్చేలోపల పదకొండుసార్లు చూశాను. తెల్ల కాగితం, కాలేజీ ముద్ర, 'శ్రీమతి ఆదెమ్మను మహిళా విభాగం బాస్కెట్‌బాల్ హెడ్ కోచ్‌గా', అడుగున సంతకం ఉండాల్సిన చోట ఖాళీ. రెండు కాగితాలు. ఒకదాని మీద ఖాళీ నేను నింపితే రెండోదాని మీద ఖాళీ వాళ్ళు నింపుతారు. చాలా శుభ్రమైన ఏర్పాటు, ఎక్కడా మరక అంటదు. నా భర్త జగదీష్ పుంగనూరు హైస్కూల్లో గుమాస్తా. బస్టాండు దగ్గరికి పెరుగన్నం డబ్బా తెచ్చి నిలబడ్డాడు, అలవాటుగా అరుగు మెట్టెక్కి మరీ, లేకపోతే నా భుజం దగ్గర ఉంటాడు. "ఏమంటాడు మీ గురువు?" "ఆర్డరు టైపయిందంట." "అయితే ఈ మొగమేంది, చింతపండు తిన్నట్ట?" చెప్పాను. విన్నాడు. "పెడితే?" "హెడ్ కోచ్." "పెట్టకపోతే?" "సోమవారం నుంచి ఇంట్లో ఉంటా." ఆయన డబ్బా మూత ఇంకోసారి బిగించి ఇచ్చాడు. "నువ్వు ఇంట్లో ఉంటే నాకు కష్టమబ్బా. నన్నే ఐదున్నరకు లేపి పరిగెత్తిస్తావు." అంతే అన్నాడు. పెట్టు అనలేదు, పెట్టొద్దు అనలేదు. వ్యాను కదిలాక అద్దంలోంచి చూశాను, ఇంకా మెట్టు మీదే ఉన్నాడు, నేను పక్కన ఉన్నట్టే పొడుగ్గా.

పద్దెనిమిదేళ్ళు. అసిస్టెంట్ కోచ్ అంటే ఏమిటో ఎవరైనా అడిగితే నేను ఒక్క మాట చెప్తాను, కూర్చోవడం. హెడ్ కోచ్ నిలబడతాడు, గీత పక్కన అటూ ఇటూ తిరుగుతాడు, చేతులు ఊపుతాడు, అరుస్తాడు. అసిస్టెంట్ కుర్చీలోంచి లేవకూడదు, అరవకూడదు, అది రూలు. నడుమ రూలు మార్చారు, ఇద్దరిలో ఎవరో ఒకరు నిలబడవచ్చు, ఒకేసారి ఇద్దరూ కాదు అని. ఆ సంవత్సరం రూల్సు పుస్తకం చదివి పొద్దున్నే సార్ దగ్గరికి పరిగెత్తాను చిన్నపిల్లలా. ఆయన నవ్వారు. "ఇద్దరిలో ఒకరు గదా, ఆ ఒకరు నేనుండాను గదా!" ఆయన తప్పేం లేదు, ఆయన కాళ్ళు ఆయనవి. నేను కుర్చీలోంచి ముందుకు వంగి ఆయన ప్యాంటు అంచు లాగేదాన్ని, ఆయన చెవి వంచేవారు, నేను చెప్పేదాన్ని, ఆ క్షణమే అదే మాట ఆయన నోట్లోంచి కోర్టంతా మోగేది. 'ఎడమ పక్క ఖాళీ ఉండాది!' 'ఏడో నంబరు అలిసిపోయింది, దాని మీదికి పో!' జనం అనుకునేవారు, ఎంత చూపు ఈ మనిషికని. నేను చప్పట్లు కొట్టేదాన్ని. నిజంగానే కొట్టేదాన్ని, గెలిస్తే ఎవరికి సంతోషం కాదు? ఐదు కప్పులు గెలిచాం. ఐదు కప్పుల కింద ఇత్తడి రేకు మీద కోచ్ అని ఒకే పేరు. కూర్చుంటే మాత్రం ఒకటి, ఆట బాగా కనబడుతుంది. నిలబడ్డవాడికి బంతి కనబడుతుంది, కూర్చున్నదానికి కాళ్ళు కనబడతాయి. ఎవరి మడమ ఎటు తిరిగిందో చూస్తే బంతి ఎటు పోతుందో రెండు సెకన్ల ముందే తెలిసిపోతుంది. ఇది నాకు ఏ క్యాంపులోనూ ఎవరూ చెప్పలేదు.

నాకు మొదటి కోచ్ మా నాయన. ఆయన జన్మలో బాస్కెట్‌బాల్ చూడలేదు. తంబళ్లపల్లె అవతల మా చేను, బోరులో నీళ్ళుంటే చెనిక్కాయ, లేకపోతే గొర్రెలు. కాయలు పీకాక ఎండిన వేరుశెనగ కట్టెను కట్టలు కట్టి గడ్డిమేటులా వామి వేసేవాళ్ళం. నాయన వామి మీద, నేను కింద. పన్నెండేళ్ళకే ఐదున్నర అడుగులు, కట్ట ఎత్తి పైకి విసరడానికి నన్ను మించిన మనిషి ఊళ్ళో లేదు. వామి ఎత్తు పెరిగేకొద్దీ విసురు పెరగాలి. ఊరికే బలంగా విసిరితే ఆయన మొహాన పడేది, దుమ్ము కళ్ళల్లో కొట్టేది, పైనుంచి తిట్లు. "చేతికియ్యి మే, మొగానికి కాదు!" చేతికి ఇవ్వాలంటే కట్ట చేతిలోంచి వెళ్ళే ఆఖరి క్షణంలో మణికట్టు కొంచెం విరవాలి, అప్పుడు కట్ట పైకెళ్ళి ఒక్క రెప్పపాటు గాల్లో ఆగినట్టుండి ఆయన చేతుల్లో మెత్తగా కూర్చుంటుంది. మదనపల్లెలో హాస్టల్లో చేరాక సుబ్రహ్మణ్యం సార్ నా చేతికి బంతి ఇచ్చి, ఆ రింగులో వెయ్యి అన్నారు. రింగు పదడుగుల ఎత్తు. మా వామి ఇంకా ఎత్తు. వేశాను. ఇంకోటి వెయ్యి. వేశాను. యాడ నేర్చుకున్నావమ్మా అన్నారు. చేన్లో అన్నాను. చుట్టూ పిల్లలంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. దానికి నేను ఈ రోజుకీ ఆయనకి రుణపడే ఉన్నాను, రుణం తీర్చడానికి ఇంకొకరి బిడ్డను ఇవ్వలేను, అదే చిక్కు.

వ్యాను మెల్లగయింది. రోడ్డు పక్కన పసుపు బోర్డు, ఏనుగులు దాటే చోటు. నరేష్ అద్దంలోంచి నన్ను చూసి, "మేడం, ఏనుగు అడ్డమొస్తే నా తప్పు కాదు, మిగతా అన్నిటికీ నేను పూచీ. పది నలభైకి దించుతా" అన్నాడు. వెనక పిల్లలు, "అన్నా, ఏనుగొస్తే పదమూడో ప్లేయరుగా రాసుకుందాం, రీబౌండ్లన్నీ అదే పడుతుంది!" అని ఒకటే గోల. ఏనుగు లేదు. మల్బరీ తోటలు, రాళ్ళ గుట్టలు. ఈ దారిన ఇరవై ఒక్క ఏళ్ళ కిందట మొదటిసారి వచ్చాను, ఆటగత్తెగా, బస్సులో, కిటికీ పక్కన. ఇదే కుప్పం, ఇదే ఫైనల్. తలుచుకోకూడదనుకోవడం లేదు. తలుచుకోనీ. ఇవాళ అది పనికొస్తుంది.

అప్పట్లో మా కాలేజీ కోర్టుకి ఒకే రింగు. రెండో స్తంభం ఉండేది, రింగు ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది, హాస్టలు పిల్లలు దానికి తీగ కట్టి బట్టలు ఆరేసేవారు. మూడేళ్ళు ఒకే రింగుకి ఆడాం. రింగు వెనక దూరంగా కొండ. మూడేళ్ళు పొద్దునా సాయంత్రం కొండవైపు పరిగెత్తి కొండలోకే బంతి వేసినట్టు వేశాను. ఆటలో సగం అయ్యాక రెండు జట్లూ వైపులు మారతాయని నాకు తెలియదా? తెలుసు. తల తెలుసుకుంది, కాళ్ళు తెలుసుకోలేదు. కుప్పం కోర్టుకి కూడా ఒక చివర గుట్ట ఉంది. మొదటి సగం మేం గుట్టవైపే వేశాం, నావి పద్దెనిమిది పాయింట్లు. విరామం అయింది, వైపులు మారాం, విజిల్ ఊదారు, బంతి నా చేతికి వచ్చింది, ఎదురుగా గుట్ట, ఎవరూ అడ్డం లేరు. ఎందుకు అడ్డం వస్తారు? అది మా రింగే, మేం కాపాడుకోవాల్సిన రింగు. ఎంత అందంగా వేశానో. మణికట్టు విరిచి, చేతికిచ్చినట్టు. బంతి వలలో దూరిన చప్పుడు, ఆ వెంటనే కుప్పం కుప్పమంతా, "అక్కా, మాకే ఆడక్కా! ఇంగోటి ఎయ్యక్కా!" నలభై ఆరు, నలభై ఐదు. ఒక్క పాయింటుతో ఓడాం.

ఓడడం కాదు నన్ను ఇన్నేళ్ళు కొరికింది. ఆట అయ్యాక స్కోరు షీటు చూశాను. నా బుట్ట ఎక్కడ రాశారో వెతికాను. నా పేరు మీద లేదు. పొరపాటున సొంత రింగులో వేస్తే ఆ రెండు పాయింట్లూ అవతలి జట్టు కెప్టెన్ పేరు మీద రాస్తారు. రూలు అంతే. నా చేత్తో వేసిన బుట్ట, నా మణికట్టు, నా పద్దెనిమిది తర్వాత పంతొమ్మిది ఇరవై కావాల్సినవి, ఎవరో అమ్మాయి పేరు మీద, ఆమె ఆ సమయానికి కోర్టు అవతలి చివర షూ లేసు కట్టుకుంటోంది. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తోంది. ఆ రోజు మొదలైంది, నేను వెయ్యడం, ఇంకొకరి పేరు మీద రాయడం. ఇత్తడి రేకుల మీద ఐదుసార్లు రాశారు. చాలు.

అసిస్టెంట్‌గా చేరిన మొదటి రోజే రెండో రింగు అడిగాను. రాసి ఇవ్వమన్నారు, రాసి ఇచ్చాను, రెండేళ్ళు రాసి ఇచ్చాను. చివరికి పుంగనూరులో గేట్లు చేసే వెల్డింగు షాపుకి వెళ్ళి, కొలతలు చెప్పి, దగ్గరుండి చేయించి, భుజాన తగిలించుకుని మదనపల్లె బస్సెక్కాను. బస్సు కిటకిట. కండక్టరు, "ఇదేందమ్మా, బావి గిలకా?" అన్నాడు. సీట్లో కూర్చున్న ఒక పొట్టి మనిషి లేచి, రింగుకి సీటు ఇచ్చాడు. నాకు కాదు, రింగుకి. మదనపల్లె దాకా నిలబడి, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అది పడకుండా పట్టుకున్నాడు. ఆయనే జగదీష్. అప్పటినుంచి మా జట్టుకి ఒక ఆచారం పెట్టాను. ఏ ఊళ్ళో ఆడినా కోర్టులో అడుగు పెట్టగానే అందరూ వరుసగా పరిగెత్తి రెండు స్తంభాలూ చేత్తో ముట్టుకుని రావాలి. పక్క జట్లు దండం పెట్టుకుంటున్నాం అనుకుంటాయి. అనుకోనీ.

హెడ్ కోచ్ అయ్యాక ఎన్ని చెయ్యొచ్చు. ఈ మాట సార్ అనలేదు, నా తలే అంటోంది, ఇందాకట్నుంచి, కొత్తచీర చూపించే షాపువాడిలా మెత్తగా. ఇవాళ ఒక్క గుర్తు, రేపట్నుంచి అన్ని గుర్తులూ నీవే. ఎంతమంది గంగులమ్మలను ఆడించవచ్చు. ఈ ఒక్కతె ఈ ఒక్కరోజు కూర్చుంటే ఏం పోతుంది? నాకు ఈ మాట తెలుసు. నాలుగేళ్ళ కింద కూడా వచ్చి ఇలాగే నా పక్కన కూర్చుంది. అప్పుడు నీలిమ. మా జట్టులో అంత బాగా డిఫెన్స్ ఆడిన పిల్ల ఇంతవరకు రాలేదు. అప్పుడూ సెలెక్షన్, అప్పుడూ ఎవరి మాటో, అప్పుడూ సార్ ఫోను, 'ఈ ఒక్కసారికి'. గుర్తు పెట్టింది నేనే, ఈ చేత్తోనే. నీలిమ కూర్చుంది. మరుసటి సోమవారం ప్రాక్టీసుకి రాలేదు, ఆ తర్వాత రాలేదు. ఇప్పుడు మదనపల్లెలో బట్టల షాపులో ఉంటుంది. పోయిన నెల వెళ్తే, "బాగుండారా మేడం, కూర్చోండి" అని కుర్చీ వేసింది. ప్రేమగానే వేసింది. కోపంగా వేసి ఉంటే బాగుండేది. నేను కూర్చోలేదు. చీర కొనకుండా వచ్చేశాను.

"మేడం, జరగండి." రమ్యశ్రీ. వచ్చి పక్కన కూర్చుంది. పొడుగు పిల్ల, మంచి షాటు, డ్రిబుల్ చేసేటప్పుడు మాత్రం తల దించి బంతినే చూస్తుంది. ప్రెస్ వేసేవాళ్ళకి అలాంటి పిల్ల పండగ. "పెదనాయన మాట్లాడినాడా మీతో?" "సుబ్రహ్మణ్యం సార్ మాట్లాడినాడు." "నేను అడగమని సెప్పలా మేడం. కానీ అడిగినాడని తెలిసినాక వద్దని కూడా సెప్పలా." నిజం చెప్పే పిల్ల. నాకు ముచ్చటేసింది, అదే చిరాకేసింది. "యాల సెప్పలా?" "నాకూ కావల్ల మేడం. మూడేండ్లుగా ఐదున్నరకు నేనూ వస్తాండాను. ఉన్నోళ్ళ బిడ్డకు సెమట పట్టదా?" "పడుతుంది. కుప్పం వాళ్ళ ఏడో నంబరు నీ ఎడమ చేతి మీదికి వస్తే ఏం సేస్తావు?" ఆలోచించింది. నాలుగు సెకన్లు. ఏడో నంబరుకి ఒక్క సెకను చాలు. తనకే తెలిసింది. తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, కానీ లేచి వెళ్ళలేదు.

గంగులమ్మ వెనక సీట్లో ఉంది. సోమల నుంచి వచ్చిన పిల్ల, ఐదడుగులు దాటదు, అవ్వ పేరు పెట్టారు, జట్టంతా గంగూ అంటుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మదనపల్లె టమోటా మార్కెట్లో కాయలు ఏరేది. ఈ పిల్ల క్రేట్ల సందుల్లో రబ్బరు బంతి కొట్టుకుంటూ తిరిగేది, ఎదురుగా మూటలు మోసేవాళ్ళు, వెనక ఆటోలు, బంతి వంక చూస్తే ఎవడో ఒకడు గుద్దేసేవాడు. అందుకే బంతిని చూడదు. ఎవరూ నేర్పలేదు, మార్కెట్టే నేర్పింది. ఇప్పుడు వాళ్ళమ్మ మా కాలేజీ హాస్టల్లో వంటమనిషి, నెలజీతం, బిడ్డ ఫైనలియర్. ఇంకో సెలెక్షన్ లేదు ఈ పిల్లకి. వెనకనుంచి నా భుజం మీద వేలితో పొడిచింది. "మేడం, ఆకలైతాందా? మొగం అట్ల పెట్టినారు." "లేదు." "అయితే భయమా?" "ఎవురికి?" "అదే గదా మేడం, మీకు యాల భయం? ఫైనల్ ఆడేది మేము గదా." వెనకంతా నవ్వులు. నేనూ నవ్వాను. దానికి ఏమీ తెలియదు. లేదా అంతా తెలుసు, క్రేట్ల సందుల్లో పెరిగిన పిల్లకి వెనక ఏం వస్తోందో తెలియకుండా ఉంటుందా?

భయం ఉంది. ఎందుకు దాచడం. నలభై రెండేళ్ళు, ఈ పని తప్ప ఏ పనీ రాదు. పొద్దున్నే ఐదున్నరకు విజిలు లేకుండా లేచి ఏం చెయ్యాలి? కోర్టు గేటు తాళం ఎవరికి ఇవ్వాలి? రెండో రింగుని కిందనుంచి చూసినప్పుడల్లా వెల్డింగు అతుకు కనబడుతుంది, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. అదంతా పోతుంది. పోనీ. ఆర్డరు చింపేస్తారా, చింపనీ. కొత్త పిల్లను తెచ్చి నా కుర్చీలో కూర్చోబెడతారా, పెట్టనీ, పాపం ఆ పిల్లకి కాళ్ళు చూడడం ఎవరు నేర్పుతారు. కానీ నాకు ఇచ్చే సీటు నీలిమ వేసిన కుర్చీలాంటిది. అందులో నేను కూర్చోలేను. ఒకసారి తప్పు రింగులో వేశాను, కాళ్ళకి తెలియక. రెండోసారి తప్పు గడిలో గుర్తు పెట్టాను, భయపడి. మూడోసారికి ఏ సాకూ లేదు, నాకు రెండు రింగులూ తెలుసు.

పది ముప్పై ఎనిమిది. నరేష్ మాట నిలబెట్టుకున్నాడు. సిమెంటు కోర్టు, ఎండ, మైకులో ఎవరో తమిళంలో ఒక మాట, తెలుగులో ఒక మాట. గుట్ట అక్కడే ఉంది. పిల్లలు పరిగెత్తి రెండు స్తంభాలూ ముట్టుకుని వచ్చారు. ఈసారి నేనూ వెళ్ళాను. గుట్టవైపు స్తంభం దగ్గర నిలబడి చెయ్యి ఆనించాను, ఇనుము కాలుతోంది. తియ్యలేదు. పది లెక్కపెట్టి తీశాను.

బల్ల దగ్గర స్కోరర్ నెరిసిన మనిషి, కళ్ళజోడు. నన్ను కిందినుంచి పైకి చూసి, "అమ్మా, మీరు మాకు రెండు పాయింట్లిచ్చిన అక్క గదా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. "నేనేనప్పా. తిరిగి తీసుకపోదామని వచ్చినా." ఈసారి గట్టిగానే నవ్వారు. షీటు నా ముందుకి జరిపాడు. మా సుబ్రహ్మణ్యం సార్ పేరు కోచ్ గడిలో ముందే రాసి పెట్టాడు, ఎప్పుడూ మాదిరి. "కోచ్ యాడమ్మా?" "ఆయన రాలేదు. రూలు ప్రకారం నేనే. పేరు కొట్టేసి రాసుకో. ఆదెమ్మ." అతను పెన్ను ఎత్తి ఆగాడు. "అసిస్టెంట్ అని రాద్దామా, రేపు మీకేమన్నా ఇబ్బంది..." "ఇబ్బంది నాది. పేరు కూడా నాదే రాయి." కొట్టేశాడు. రాశాడు. సంచిలో ఫోను వణకడం మొదలైంది. వణకనీ. నాలుగు గుర్తులు టకటకా పెట్టాను. ఐదోదానికి పెన్ను ఆగింది. చెయ్యి ఆగలేదు, పెన్నే, సిరా రాలేదు. స్కోరర్ ఇంకోటి ఇచ్చాడు. గంగులమ్మ, నంబరు నాలుగు. ఒక గీత, దాని మీద ఇంకో గీత. సంతకం. పది నలభై తొమ్మిది.

రమ్యశ్రీ బెంచీ దగ్గర నిలబడి ఉంది. వార్మప్ జాకెట్ జిప్పు ఇంకా తియ్యలేదు, తీయాలో వద్దో తెలియక. "మే రమ్యా, ఈడ కూర్చో." నా కుర్చీ చూపించాను, హెడ్ కోచ్ పక్కన మొదటిది, పద్దెనిమిదేళ్ళది. "బంతిని సూడొద్దు. ఏడో నంబరు మడమలు సూడు. యాడికి తిరుగుతాయో నాకు సెప్పు. ఎనిమిది నిమిషాలు సూస్తే దాన్ని యాడ ఆపల్లో నీకే తెలుస్తుంది, అప్పుడు లోపలికి పోతువు." దాని కళ్ళల్లో నీళ్ళు, నీళ్ళ వెనక కోపం. కోపం మంచిదే, కోపం ఉన్నవాళ్ళు మరుసటి సోమవారం వస్తారు. "మీ ఉద్యోగం మేడం?" అంది మెల్లగా. అంటే పిల్లకి అంతా తెలుసు. "అది నేను సూసుకుంటా. నువ్వు మడమలు సూడు." కూర్చుంది. ముందుకి వంగింది. అచ్చు నాలాగే వంగింది.

పదిమందీ లోపలికి దిగారు. గంగులమ్మ మా అందరికంటే పొట్టిగా, నడుము మీద చేతులు పెట్టుకుని, వీధిలోకి వచ్చిన పెద్దమనిషిలా. రెఫరీ బంతి పట్టుకుని మధ్య వలయంలోకి నడుస్తూ నా వైపు చూసి ఆగాడు. ఏళ్ళుగా తెలిసినవాడు, నన్ను ఎప్పుడూ కుర్చీలోనే చూసినవాడు. విజిలు నోట్లోంచి తీశాడు. "మేడం, మీరు కూర్చునే మనిషి గదా, ఇవాళ కోచ్ ఎవురు?"

"షీటు సూడప్పా."

బల్ల వైపు చూశాడు. స్కోరర్ షీటు ఎత్తి, నా పేరు మీద వేలు పెట్టి చూపించాడు. రెఫరీ తల ఊపాడు. విజిలు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. సంచిలో ఫోను వణికి వణికి ఆగిపోయింది. బంతి పైకి లేచింది, మా వైపు పడింది, గంగులమ్మ చేతికి చిక్కింది, వెంటనే ఏడో నంబరు మీదికి వచ్చింది, ఇంకొకతె కూడా వచ్చింది, గంగులమ్మ కింద చూడలేదు, క్రేట్ల సందులోంచి దూరినట్టు ఇద్దరి నడుమనుంచి దూరి తల ఎత్తింది. కుడి పక్క మా పిల్ల ఒంటరిగా ఉంది. లాగడానికి నా ముందు ఎవరి ప్యాంటు అంచూ లేదు. వంచడానికి ఎవరి చెవీ లేదు. నా నోరే తెరిచాను, కోర్టు దాటి గుట్టకి తగిలి తిరిగి వచ్చేంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు.

"చేతికియ్యి మే, మొగానికి కాదు!"